కొత్త ల్యాప్‌టాప్ కొనాలా? పాతదానికే ప్రాణం పోయాలా?

ఆన్ చేసి, టీ పెట్టుకుని వచ్చేసరికి కూడా తెర మీద ఆ చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాయా? క్రోమ్‌లో నాలుగు ట్యాబులు తెరవగానే ఫ్యాను రొద మొదలవుతోందా? చాలదన్నట్టు ‘మీ పీసీ విండోస్ 11కు సరిపోదు’ అని మధ్యమధ్యలో ఓ సందేశం. షాపుకి తీసుకెళ్తే అక్కడ చెప్పేది ఒకటే మాట: ‘బ్రదర్, దీని పనైపోయింది. కొత్తది తీసేసుకోండి, ఈఎంఐ కూడా ఉంది!’

యాభై, అరవై వేల రూపాయల మాట అది. నాన్న ఫోన్ మార్చడం వాయిదా వేసుకుంటే, అమ్మ చీటీ పాడుకుంటే వచ్చే డబ్బు. అంత ఖర్చు పెట్టాక ‘అరే, మూడు వేలతో పోయేదా!’ అని తెలిస్తే ఎంత కడుపుమంట? అలాగని బాగానే నడుస్తోంది కదా అని పాత సాఫ్ట్‌వేర్ మీదే బ్యాంకు లావాదేవీలు చేస్తూ కూర్చోవడమూ తెలివైన పని కాదు. ఎప్పుడు మార్చాలి, ఏది మార్చాలి, దేన్ని ముట్టుకోకూడదు... ఈ మూడూ వేర్వేరు ప్రశ్నలు. షాపులో వాటిని కలిపి ఒకే జవాబు ఇస్తారు. అక్కడే వస్తోంది చిక్కు.

విండోస్ 10 చచ్చిపోయిందా?

లేదు. కానీ కాపలావాడు ఇంటికెళ్లిపోయాడు.

2015 జులై 29న వచ్చిన విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అదే రోజుతో ఆఫీస్ 2016, ఆఫీస్ 2019లకూ మద్దతు ఆగిపోయింది. దాని అర్థం మర్నాడు మీ ల్యాప్‌టాప్ ఆన్ అవ్వదని కాదు. ఎప్పటిలాగే ఆన్ అవుతుంది, సినిమాలు ఆడుతుంది, వర్డ్ ఫైలు తెరుస్తుంది. అయితే ఆ సాఫ్ట్‌వేర్‌లో ఇకపై ఏదైనా కన్నం బయటపడితే దాన్ని పూడ్చేవాళ్లు ఉండరు. ఆ కన్నం గురించి దొంగలకు తెలుస్తుంది, మీకు తెలియదు.

ఇది ఊరికే భయపెట్టే మాట కాదు. 2017 మే నెల గుర్తుందా? వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచాన్ని వణికించింది. కంప్యూటర్‌లోని ఫైళ్లన్నింటికీ తాళం వేసేసి, బిట్‌కాయిన్‌లో డబ్బు కడితేనే తీస్తామని తెర మీద నోటీసు పెట్టింది. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆసుపత్రులు రోగుల అపాయింట్‌మెంట్లు రద్దు చేసుకోవాల్సి వచ్చింది. మన దగ్గర ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. ఇందులో అసలు విషయం ఏమిటంటే, ఆ కన్నాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే విడుదల చేసింది. ఎక్కువగా దెబ్బతిన్నవి అందరూ అనుకున్నట్టు ముసలి ఎక్స్‌పీ మెషీన్లు కావు. అప్పటికి మద్దతు ఉండి కూడా అప్‌డేట్ చేసుకోని విండోస్ 7 మెషీన్లు. అంటే ‘తర్వాత చూద్దాంలే’ అని అప్‌డేట్‌ను వాయిదా వేస్తూ పోవడం, మద్దతు లేని సాఫ్ట్‌వేర్ వాడటం... రెండూ ఒకటే.

మరి విండోస్ 10 మీదే ఉన్నవాళ్ల సంగతి? కొంచెం ఊపిరి తీసుకోవచ్చు. ‘ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్’ పేరుతో ఇళ్లలో వాడుకునేవాళ్లకు మైక్రోసాఫ్ట్ 2026 అక్టోబర్ 13 వరకు గడువు ఇచ్చింది. దీనికి 30 డాలర్లు కట్టొచ్చు. కట్టకుండానూ పొందొచ్చు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయ్యి, విండోస్ బ్యాకప్‌తో సెట్టింగ్స్‌ను సింక్ చేస్తే చాలు. సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్ పేజీలోనే ‘ఎన్‌రోల్’ అన్న లింకు కనిపిస్తుంది. రెండు నిమిషాల పని. చాలామందికి ఈ సంగతి తెలియక, గడువు అయిపోయిందన్న కంగారులో కొత్తది కొనేస్తున్నారు.

ఒక్క మెలిక ఉంది. ఇందులో వచ్చేవి భద్రత అప్‌డేట్లు మాత్రమే. కొత్త సదుపాయాలేవీ రావు. నన్నడిగితే అదీ మంచిదే!

మీది ఎన్నో తరం?

విండోస్ 11కి మారాలంటే కంప్యూటర్‌లో కొన్ని ఉండాలి. 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్ అనేవి పేరుకే. అసలు గేటు దగ్గర ఆపేవి రెండు: ప్రాసెసర్ తరం, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్.

ఇంటెల్ అయితే ఎనిమిదో తరం లేదా ఆపైన ఉండాలి. తరం తెలుసుకోవడం చాలా తేలిక. ల్యాప్‌టాప్ మీది స్టిక్కర్ చూడకండి, అది సగం సమయం అరిగిపోయి ఉంటుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్‌లోకి వెళ్తే ప్రాసెసర్ పేరు ఉంటుంది. ఐ5-7200యూ అని ఉంటే గీత తర్వాతి మొదటి అంకె 7, అంటే ఏడో తరం. ఐ5-8250యూ అయితే ఎనిమిదోది. ఐ5-10210యూ పదోది, ఐ5-1135జీ7 అయితే పదకొండోది. ఏఎండీలో సుమారుగా రైజెన్ 2000 సిరీస్ నుంచి అనుమతి ఉంది కానీ అందులో కొన్ని మోడళ్లకు లేదు. అందుకని మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ‘పీసీ హెల్త్ చెక్’ యాప్ వేసుకుని చూడటం మేలు. ఏది తక్కువైందో అదే చెప్తుంది.

ఆ యాప్ ‘టీపీఎం లేదు’ అన్నంత మాత్రాన గుండె జారిపోనక్కర్లేదు. ముఖ్యంగా అసెంబుల్ చేయించుకున్న డెస్క్‌టాప్‌లలో ఆ చిప్ పని చేసే సదుపాయం ప్రాసెసర్‌లోనే ఉంటుంది, బయోస్‌లో దాన్ని ఆన్ చేసి ఉండరు, అంతే. ఇంటెల్ బోర్డుల్లో దాని పేరు పీటీటీ. ఏఎండీలో ఎఫ్‌టీపీఎం. ఆన్ చేస్తే సరి. అయితే బయోస్‌లో వేలు పెట్టే ముందు మీ డ్రైవ్‌కి బిట్‌లాకర్ ఉందేమో చూసుకుని, దాని రికవరీ కీని వేరేచోట భద్రపరుచుకోండి. లేకపోతే మీ ఫైళ్లకు మీరే పరాయివాళ్లయిపోతారు.

అసలైన విండోస్ 10 ఉన్నవాళ్లకు విండోస్ 11 ఉచితం. దానికి షాపులో డబ్బు తీసుకుంటే అది ఇన్‌స్టాల్ చేసినందుకు కూలి, సాఫ్ట్‌వేర్ ధర కాదు.

‘ఏడో తరమైనా పర్లేదన్నా, మేం వేసిస్తాం’ అనేవాళ్లూ ఉన్నారు. నిజమే, ఆ తనిఖీలను తప్పించి వేసే పద్ధతులు ఉన్నాయి, చాలా మెషీన్లలో నడుస్తుంది కూడా. కానీ అలా వేసినవాటికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పింది. భద్రత కోసం మారుతూ, ఆ భద్రతకే హామీ లేని దారిలో వెళ్లడం నాకైతే నచ్చదు. సినిమాలు చూసుకునే కంప్యూటర్ అయితే మీ ఇష్టం.

నత్తనడకకు అసలు దోషి

ఇప్పుడు అన్నింటికన్నా ముఖ్యమైన సంగతికి వద్దాం. ‘ప్రాసెసర్ పాతదైపోయింది, అందుకే స్లో’ అనే మాట పదిసార్లలో తొమ్మిదిసార్లు నిజం కాదు.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్ అన్నదాంట్లోకి వెళ్లండి. మీ కంప్యూటర్ మొరాయిస్తున్న సమయంలోనే చూడాలి, ఖాళీగా ఉన్నప్పుడు కాదు. సీపీయూ 20 శాతం దగ్గర హాయిగా కునుకు తీస్తూ ఉంటుంది. కింద డిస్క్ మాత్రం 100 శాతం! దొంగ దొరికాడు.

2018కి ముందు కొన్న ల్యాప్‌టాప్‌లలో ఎక్కువ వాటిలో ఉండేది నిమిషానికి 5,400 సార్లు తిరిగే హార్డ్ డిస్క్. లోపల ఒక పళ్లెం, దాని మీద ఓ చిన్న చేయి. కావలసిన ముక్క ఎక్కడుందో అక్కడికి ఆ చేయి జరగాలి, పళ్లెం తిరిగి ఆ ముక్క చేతి కిందికి రావాలి. ఒక్క చుట్టుకే 11 మిల్లీ సెకన్లు పడుతుంది. పెద్ద కిరాణా గోడౌన్‌లో ఒకే ఒక్క మనిషి ఉన్నాడనుకోండి. ఒకేచోట ఉన్న వంద బియ్యం బస్తాలు తెమ్మంటే చకచకా తెచ్చేస్తాడు. ఉప్పు ప్యాకెట్ ఓ మూల, జీలకర్ర ఇంకో మూల, అగ్గిపెట్టె అటక మీద అంటే... పాపం, తిరుగుతూనే ఉంటాడు. విండోస్ ఆన్ అయ్యేటప్పుడు అడిగేది ఇలాంటి చిల్లర సరుకే. వేల కొద్దీ చిన్నచిన్న ఫైళ్లు. హార్డ్ డిస్క్ ఇలాంటివి సెకనుకు ఓ వంద తీసివ్వగలిగితే గొప్ప. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదేమీ ఉండదు, అంతా చిప్పులే. అది వేలల్లో తీసిస్తుంది. మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ పెద్ద ఫైళ్లనైతే సెకనుకు 500 ఎంబీకి పైగా చదువుతుంది, హార్డ్ డిస్క్ 100 దగ్గర తచ్చాడుతుంది. ఎన్‌వీఎంఈ రకం అయితే 3,000 దాటిపోతుంది.

అందుకే హార్డ్ డిస్క్ ఉన్న ఏ ల్యాప్‌టాప్‌కైనా నేను చెప్పే మొదటి మందు ఎస్‌ఎస్‌డీ. మిగతావన్నీ తర్వాత. మూడు నాలుగు నిమిషాలు పట్టేది అరనిమిషంలోపు ఆన్ అవుతుంది. ఇంట్లోవాళ్లు కొత్తది కొన్నావా అని అడుగుతారు.

సాటానా, ఎన్‌వీఎంఈనా అని బుర్ర బద్దలు కొట్టుకోవద్దు. మీ ల్యాప్‌టాప్‌లో ఎం.2 స్లాట్ ఉందో లేదో, ఉంటే ఏ రకమో మోడల్ నంబరుతో వెతికితే తెలుస్తుంది. లేకపోతే పాత హార్డ్ డిస్క్ స్థానంలోనే 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ పెట్టొచ్చు. రోజువారీ వాడకంలో రెండింటి మధ్య తేడా మీకు తెలియను కూడా తెలియదు. హార్డ్ డిస్క్ నుంచి ఎస్‌ఎస్‌డీకి మారడమే పెద్ద అంగ. డీవీడీ డ్రైవ్ ఉన్న పాత మోడల్ అయితే ఇంకో సౌకర్యం కూడా ఉంది. ఎవరూ వాడని ఆ డ్రైవ్‌ను తీసేసి, ఆ ఖాళీలో క్యాడీ అనే చిన్న ఫ్రేము పెట్టి పాత హార్డ్ డిస్క్‌ను అందులో బిగించేయొచ్చు. ఫొటోలు, సినిమాలు దాంట్లో. విండోస్ ఎస్‌ఎస్‌డీలో. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట ఇలాంటివి మీ ముందే బిగించి ఇస్తారు. దగ్గరే నిలబడండి, పాత డిస్క్ వాళ్ల దగ్గర వదిలి రాకండి. మీ ఆధార్ కాపీ దగ్గర్నుంచి ఫ్యామిలీ ఫొటోల దాకా అన్నీ దాంట్లోనే ఉంటాయి.

ర్యామ్ దగ్గర కాస్త ఆలోచించాలి

డిస్క్ తర్వాత ర్యామ్. టాస్క్ మేనేజర్‌లో మెమరీ మీద నొక్కితే ఎంత ఉంది, ఎంత వాడుకలో ఉంది, ఎన్ని స్లాట్లలో ఎన్ని నిండాయి అన్నీ కనిపిస్తాయి. 4 జీబీలో 3.7 నిండిపోయి ఉంటే మిగతా పని అంతా డిస్క్ మీద పడుతుంది, దాంతో అదీ చతికిలపడుతుంది. ఈ రోజుల్లో 8 జీబీ కనీసం. ఆన్‌లైన్ క్లాసులు, బ్రౌజర్, వర్డ్ వరకు అది చాలు. ఆండ్రాయిడ్ స్టూడియోలో ఎమ్యులేటర్ కూడా నడపాలనుకునే బీటెక్ పిల్లలు, వీడియో ఎడిటింగ్ చేసే రీల్స్ వీరులు 16 జీబీ కన్నా తక్కువతో కుస్తీ పట్టడం దండగ.

అయితే ఇక్కడో ఇబ్బంది వచ్చిపడింది. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పులను ఊడ్చుకుపోతున్నాయి. క్రూషియల్ పేరుతో మనకు ర్యామ్‌లు, ఎస్‌ఎస్‌డీలు అమ్మే మైక్రాన్ సంస్థ ఆ వినియోగదారుల వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. ఎస్‌ఎస్‌డీల్లో ఉండేవీ మెమరీ చిప్పులే కాబట్టి వాటికీ ఈ సెగ తగులుతోంది. కాబట్టి ఏడాది కిందట ఎవరో వీడియోలో చెప్పిన ధర పట్టుకుని షాపుకెళ్తే షాక్ తప్పదు. కొనే రోజున రెండు మూడు చోట్ల కనుక్కోండి. ఇంకో మాట, కొత్త ల్యాప్‌టాప్‌లలోనూ ఉండేది ఇదే ర్యామ్. వాటి ధరలూ దీనితో పాటే కదులుతాయి. పాతదాన్ని ఇంకొన్నాళ్లు నడిపించడానికి ఇంతకన్నా మంచి కారణం ఏముంటుంది?

ర్యామ్ ఎప్పుడూ కొత్తదే కొనక్కర్లేదు. దీంట్లో అరిగిపోయే భాగాలు లేవు. నమ్మకమున్న షాపులో టెస్ట్ చేసి ఇచ్చే సెకండ్‌హ్యాండ్ స్టిక్ వాడుకోవచ్చు. డీడీఆర్3 ఉన్నచోట డీడీఆర్4 పట్టదు, ముందే చూసుకోవాలి. సన్నటి ల్యాప్‌టాప్‌లలో అయితే ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తున్నారు. అలాంటివాటికి ఎంత ఉందో అంతే, జన్మంతా. కొత్తది కొనేటప్పుడు ‘ఖాళీ స్లాట్ ఉందా?’ అని అడగడం మర్చిపోకండి. నలభై పేజీల రివ్యూల కన్నా ఆ ఒక్క ప్రశ్న విలువైనది.

దుమ్ము సంగతి కూడా చెప్పాలి. మన ఎండలకు, మన రోడ్ల దుమ్ముకు మూడు నాలుగేళ్లకే ఫ్యాను రెక్కల్లో బొంత పేరుకుపోతుంది. వేడెక్కిన ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఏప్రిల్, మేల్లో మాత్రమే స్లో అవుతోందంటే అనుమానం దాని మీదే. శుభ్రం చేయించి థర్మల్ పేస్ట్ మార్పిస్తే చాలాసార్లు సరిపోతుంది. బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్ పైకి లేస్తుంటే మాత్రం ఆలస్యం చేయకండి, అది ప్రమాదం. వెంటనే వాడటం ఆపి మార్పించేయండి.

మరి కొత్తది ఎప్పుడు?

నా లెక్క ఇది. ఎస్‌ఎస్‌డీ, ర్యామ్, బ్యాటరీ, కీబోర్డు... అన్నీ కలిపి అయ్యే ఖర్చు కొత్తదాని ధరలో నాలుగో వంతులోపు ఉంటే బాగు చేయించుకోవడమే లాభం. మూడో వంతు దాటితే ఆగి ఆలోచించాలి. మదర్‌బోర్డు పోయిందంటే ఇక ఆలోచన కూడా అక్కర్లేదు.

డబ్బు ఒక్కటే కొలత కాదు. మీ పని దగ్గర మెషీన్ అడ్డుపడుతోందా లేదా అన్నది చూడాలి. వీడియో ఎక్స్‌పోర్ట్ పెట్టి రాత్రంతా ఎదురుచూస్తూ, దాంతోనే నెలకు పది వేలు సంపాదిస్తుంటే కొత్త మెషీన్ ఖర్చు కాదు, పెట్టుబడి. నెలకోసారి రెజ్యూమె దిద్దుకునేవాళ్లకు అదే మెషీన్ పూర్తిగా దండగ.

గేమర్లూ, మీరు గేమ్ ఆడుతూ ఉండగా టాస్క్ మేనేజర్ చూడండి. గ్రాఫిక్స్ కార్డు 99 శాతం, సీపీయూ 40 శాతం ఉంటే కొత్త ప్రాసెసర్ కొన్నా ఒక్క ఫ్రేమ్ కూడా పెరగదు. అటుదిటైతే కార్డు మార్చి లాభం లేదు. పెద్ద కార్డు కొనే ముందు పవర్ సప్లై ఎన్ని వాట్లో చూసుకోవాలి. విండోస్ 11 మీద వాలరెంట్ ఆడాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉండాల్సిందే, అదీ గుర్తుపెట్టుకోండి.

ఇక ఇప్పుడు ఎక్కడ చూసినా ‘ఏఐ పీసీ’ మాటే. 2024 మేలో మైక్రోసాఫ్ట్ ‘కోపైలట్ ప్లస్ పీసీ’ అని కొత్త వర్గాన్ని మొదలుపెట్టింది. 16 జీబీ ర్యామ్, సెకనుకు 40 లక్షల కోట్ల లెక్కలు చేసే ఎన్‌పీయూ దానికి కావాలి. బాగానే ఉంది. కానీ చాట్‌జీపీటీ, జెమిని వాడుకోవడానికి ఇవేవీ అక్కర్లేదు. అవి పని చేసేది ఎక్కడో ఉన్న సర్వర్లలో. పదేళ్ల నాటి ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లోనూ అదే జవాబు వస్తుంది. ‘ఏఐ కోసం’ అని పాతిక వేలు ఎక్కువ పెట్టమంటే ఏ పని కోసమో అడగండి. జవాబు తడబడితే విషయం అర్థమైపోయినట్టే.

సాఫ్ట్‌వేర్‌లో తొందర వేరు, ఆలస్యం వేరు

హార్డ్‌వేర్ విషయంలో నిదానమే మంచిది. సాఫ్ట్‌వేర్‌లో మాత్రం కొన్నింటికి క్షణం ఆలస్యం చేయకూడదు, కొన్నింటికి అస్సలు తొందరపడకూడదు.

బ్రౌజర్ అప్‌డేట్ వస్తే అప్పటికప్పుడే. నెలనెలా వచ్చే భద్రత అప్‌డేట్లు ఆ వారంలోనే. ఇందులో చర్చ లేదు.

కానీ ఏడాదికోసారి వచ్చే పెద్ద ఫీచర్ అప్‌డేట్ ఉంటుంది చూశారూ, దానికి ఓ నెల ఆగండి. 2018 అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ కొందరి డాక్యుమెంట్లు, ఫొటోలు తుడిచిపెట్టేసింది. మైక్రోసాఫ్ట్ దాన్ని మధ్యలోనే ఆపేసి, సరిచేసి, మళ్లీ విడుదల చేయాల్సి వచ్చింది. తొందరపడినవాళ్లే నష్టపోయారు. 2024 జులై 19 సంగతైతే మీకు గుర్తుండే ఉంటుంది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్‌తో ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ మెషీన్లు నీలి తెర వేసుకుని కూర్చున్నాయి. మన హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. భద్రత కోసం పంపిందే అంత పని చేసింది. అందుకే ఏ అప్‌డేట్‌కైనా ముందు బ్యాకప్ ఉండాలి. పెన్‌డ్రైవ్ అయినా సరే, గూగుల్ డ్రైవ్ అయినా సరే.

ప్రాజెక్ట్ రివ్యూ ముందు రోజు రాత్రి పైథాన్ వెర్షన్ మార్చేవాళ్లను ఏమనాలో నాకు తెలియదు. కొత్త వెర్షన్‌లో ఏదో ఒక లైబ్రరీ మొరాయిస్తుంది, తెల్లవారే దాకా ఎర్ర అక్షరాలు చదువుతూ కూర్చోవాలి. సగంలో ఉన్న పనికి వాడుతున్న సాఫ్ట్‌వేర్‌ను ఆ పని అయ్యేదాకా ముట్టుకోకూడదు. సివిల్ వాళ్లకు ఇంకో తలనొప్పి. కొత్త ఆటోక్యాడ్‌లో సేవ్ చేసిన డ్రాయింగ్ పాత వెర్షన్‌లో తెరుచుకోకపోవచ్చు. మీ గైడ్ దగ్గర, సైట్ ఇంజినీర్ దగ్గర ఏ వెర్షన్ ఉందో తెలుసుకోకుండా మీరొక్కరే ముందుకెళ్లి లాభం లేదు. నాన్న షాపులో ట్యాలీ ఉంటే మరీ జాగ్రత్త. కొత్త వెర్షన్‌లోకి మార్చిన డేటాను మళ్లీ పాతదాంట్లో తెరవలేరు. ముందు కాపీ తీసి, ఆ కాపీ మీద ప్రయోగం చేయాలి. అదీ మార్చి నెలాఖరులో మాత్రం వద్దు!

అప్‌గ్రేడ్ చేయకపోవడమే సరైన నిర్ణయం అనిపించే చోటు ఒకటుంది. మన డీటీపీ షాపులు. పెళ్లి కార్డులు, కరపత్రాలు, చిన్న పత్రికలు... ఎన్నో చోట్ల ఇప్పటికీ పేజ్‌మేకర్ 7.0, అను ఫాంట్లే దిక్కు. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో. ఆ తర్వాత అడోబీ దృష్టంతా ఇన్‌డిజైన్ మీదే. అను ఫాంట్లు యూనికోడ్ కావు. ఆ ఫైలును ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు బదులు అర్థంపర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు వస్తాయి. ఇరవై ఏళ్లుగా పోగుపడిన ఫైళ్లన్నీ అందులోనే ఉన్న షాపు యజమానితో ‘ఎందుకండీ ఇంత పాతది?’ అనడం తేలిక. ఆయన బతుకుదెరువు అది. పని ఆగితే కస్టమర్ పక్క షాపుకి వెళ్తాడు.

అలాంటివాళ్లకు దారి లేకపోలేదు. ఆ పాత మెషీన్‌ను ఇంటర్నెట్ నుంచి పూర్తిగా విడదీసేయాలి. వైరస్ వచ్చే రెండో దారి పెన్‌డ్రైవ్, అది కూడా కస్టమర్ తెచ్చిందే నేరుగా గుచ్చకూడదు. మెయిల్, వాట్సాప్, ఆన్‌లైన్ పేమెంట్లకు పక్కన కొత్త విండోస్ ఉన్న ఇంకో మెషీన్. కొత్త పనులు అందులో యూనికోడ్‌లో మొదలుపెట్టి, పాతవాటిలో అవసరమైనవి మాత్రమే కన్వర్టర్‌తో మార్చుకుంటూ పోవాలి. ఒక్కరోజులో అయ్యే పని కాదు. ఒత్తులు, పొల్లులు తప్పుతాయి, ప్రూఫ్ చూసుకోవాల్సిందే.

చెప్పక తప్పని మాట ఇంకోటి. షాపులో ‘ఫ్రీగా’ వేసిచ్చే విండోస్, ఆఫీస్ చాలాసార్లు క్రాక్ చేసినవే. దాన్ని పని చేయించే యాక్టివేటర్ వేయాలంటే ముందు యాంటీవైరస్ ఆపేయమంటారు. ఎందుకు ఆపాలో ఒక్కసారి ఆలోచించండి. తలుపు తీసి పెట్టి, వచ్చేవాడి చేతిలో ఏముందో చూడకపోవడమే అది. డబ్బు లేకపోతే లిబర్‌ఆఫీస్ ఉంది, గూగుల్ డాక్స్ ఉంది.

విండోస్ 11 పట్టని పాత మెషీన్‌కు లినక్స్ మింట్ మంచి ఆసరా. ఉచితం. చూడటానికి విండోస్‌లాగే ఉంటుంది. 22వ వెర్షన్‌కు 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూసి, వైఫై, సౌండ్ పని చేస్తున్నాయనుకున్నాకే ఇన్‌స్టాల్ చేయొచ్చు. ట్యాలీ, అను ఫాంట్లు, పెద్ద గేములు కావాలంటే మాత్రం దీని జోలికి పోవద్దు. బ్రౌజర్, కోడింగ్, వీడియోలు అంటే ఏడో తరం ఐ5 మీద కూడా పరుగులు పెడుతుంది.

చౌకగా వచ్చిందని...

కంపెనీలు వదిలించుకున్న ల్యాప్‌టాప్‌లు రీఫర్బిష్డ్ పేరుతో అమ్ముతుంటారు. గట్టి బాడీ, మంచి కీబోర్డు, కొత్తదాని ధరలో సగం కన్నా తక్కువ. విద్యార్థులకు నిజంగా మంచి బేరమే. కాకపోతే ఇప్పుడు ఆరో తరం, ఏడో తరం మెషీన్లు చౌకగా కనిపిస్తే ఎందుకు చౌకో మీకు తెలుసు. విండోస్ 11 తెర చూపించి అమ్మినా సరే, అబౌట్‌లోకి వెళ్లి ఆ అంకె చూడండి. ఎనిమిది, ఆపైన ఉంటేనే బేరం మొదలుపెట్టండి. బ్యాటరీ ఎంతసేపు వస్తోందో అక్కడే ఛార్జర్ తీసి పావుగంట నడిపి చూడండి. బయోస్‌కి పాస్‌వర్డ్ ఉందా, పాత కంపెనీ తాళం ఏదైనా మిగిలి ఉందా అన్నది కూడా అక్కడే తేల్చుకోవాలి. బిల్లు, కనీసం మూడు నెలల వారెంటీ రాతపూర్వకంగా తీసుకోండి.

మీ పాతదాన్ని అమ్మేటప్పుడు డిలీట్ కొడితే సరిపోదు. అలా తుడిచినవి తిరిగి లాగేయొచ్చు. విండోస్‌లో ‘రీసెట్ దిస్ పీసీ’లో అన్నీ తీసేసే ఆప్షన్ ఎంచుకుని, ‘క్లీన్ డేటా’ ఆన్ చేసి పెట్టండి. హార్డ్ డిస్క్ అయితే గంటలు పడుతుంది, రాత్రి పెట్టి పడుకోండి. అంతకన్నా తేలిక, డిస్క్ తీసేసి మిగతాది అమ్మడం. తీసిన డిస్క్‌ను యూఎస్‌బీ కేసులో పెడితే అదే మీ బ్యాకప్ డ్రైవ్ అవుతుంది. ఆ కేసు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది.